వాదంలో అడిగిన ప్రశ్నకు వీధిలో దొరికిన జవాబు
ధన్య ఫ్రెడరిక్ ఓజనాం జీవితం



కాలేజీలో చదువుకుంటున్న మీ అబ్బాయి సెలవులకు ఇంటికి వచ్చాడనుకోండి. రాత్రి అన్నాల దగ్గర ఉన్నట్టుండి ఒక ప్రశ్న వేశాడు. మంచిగా బ్రతకడానికి అసలు దేవుడు అవసరమా అని. హాస్టల్లో అతని గది స్నేహితుడు ఏ దేవుణ్ణీ నమ్మడు. అయినా అబద్ధమాడడు, ఎవరికి జబ్బు చేసినా రక్తమివ్వడానికి తానే ముందు పరుగెత్తుతాడు. ఇక్కడ మన విచారణలో ప్రతి ఆదివారం ముందు వరుసలో మోకరించే ఒక పెద్దమనిషి మాత్రం కూలివాళ్ళ డబ్బు నెలల తరబడి ఎగవేస్తాడు. ఇద్దరిలో ఎవరు మంచివారని మీ అబ్బాయి అడుగుతాడు.

మీరేమని జవాబిస్తారు? నోరు మూసుకుని తినమని గదమాయిస్తారా? ఫాదరుగారిని అడగమని తప్పించుకుంటారా?

ఈ ప్రశ్న మనకు కొత్త కాదు. కృష్ణా జిల్లా వారికి గోరాగారి పేరు తెలుసు. ఆయన 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం స్థాపించారు, 1947లో దానిని విజయవాడకు తెచ్చారు. దేవుడు లేడన్న ఆ మనిషే అంటరానితనం మీద పోరాడారు, అన్ని కులాలవారినీ ఒకే పంక్తిలో కూర్చోబెట్టి భోజనాలు పెట్టించారు. నమ్మనివారు మంచివారు కాలేరని మనం అంటే అది నిజం కాదు. నిజం కానిది చెప్పి విశ్వాసాన్ని కాపాడలేము.

దాదాపు 190 సంవత్సరాల క్రితం పారిస్ నగరంలో ఇటువంటి ప్రశ్నే ఒక విద్యార్థిని నలుగురిలో నిలదీసింది. అతడు దానికి కోపగించుకోలేదు, పారిపోలేదు. ఆ విద్యార్థి పేరు ఫ్రెడరిక్ ఓజనాం. మన విచారణల్లో పేదల ఇళ్ళకు వెళ్ళివచ్చే విన్సెంట్ డి పాల్ సభవారిని మీరు చూసే ఉంటారు. ఆ సభకు మూలం ఆనాటి ఆ ప్రశ్నే.

సందేహంతో పెనుగులాట

ఓజనాం 1813 ఏప్రిల్ 23న ఇటలీలోని మిలాన్ నగరంలో జన్మించారు. తల్లిదండ్రులు ఫ్రాన్స్ దేశస్థులు. తండ్రి మొదట నెపోలియన్ సైన్యంలో పనిచేసి, తరువాత వైద్యుడయ్యారు. ఆ దంపతులకు 14 మంది పిల్లలు పుట్టినా వారిలో ఎక్కువమంది పసితనంలోనే పోయారు. ఫ్రెడరిక్ ఎంతో ప్రేమించిన అక్క ఎలీజా కూడా 19 ఏళ్ళకే మరణించింది. 1816లో కుటుంబం లియోన్ నగరానికి తిరిగి వచ్చింది. తండ్రి పేదలకు డబ్బు తీసుకోకుండా వైద్యం చేసేవారు. తల్లి రోగుల ఇళ్ళకు వెళ్ళి సేవ చేసేది.

ఇంతటి భక్తిగల ఇంట పెరిగినా 15, 16 ఏళ్ళ వయసులో ఓజనాంను సందేహాలు ముంచెత్తాయి. చుట్టూ వినిపించే అవిశ్వాసపు మాటలు లోపలికి దిగాయి. రాత్రులు నిద్ర పట్టేది కాదు. నమ్మాలని ఉంది గాని బుద్ధి ఒప్పుకోవడం లేదు. సత్యాన్ని తనకు చూపిస్తే తన జీవితమంతా దాని సేవకే ఇస్తానని దేవునికి మాట ఇచ్చారు.

ఆ సమయంలో ఆయనకు అండగా నిలిచింది కళాశాలలో తత్వశాస్త్రం బోధించే నువారో అనే గురువు. ఆయన శిష్యుణ్ణి కసరలేదు, ప్రశ్నలడగడం పాపమని భయపెట్టలేదు. లియోన్ పరిసరాల్లో తనతో పాటు నడకకు తీసుకువెళ్ళి, ఒక్కొక్క సందేహాన్నీ విని, ఓపికగా విడదీసి చెప్పేవారు. క్రమంగా ఓజనాం మనసు కుదుటపడింది. సందేహపడేవారి బాధ ఏమిటో స్వయంగా అనుభవించినందువల్లనే కాబోలు, ఆ తరువాత ఆయన ఏనాడూ అవిశ్వాసులను హేళన చేయలేదు.

పారిస్‌లో వాదోపవాదాలు

1831 నవంబరులో న్యాయశాస్త్రం చదవడానికి పారిస్ చేరారు. అదే నెలలో లియోన్‌లో పట్టు నేత కార్మికులు కూలి రేట్ల కోసం తిరుగుబాటు చేశారు. పారిస్‌లో ఓజనాంకు విద్యుచ్ఛక్తి శాస్త్రంలో ప్రసిద్ధుడైన ఆంపియర్ తన ఇంట్లో చోటిచ్చారు. అంతటి శాస్త్రవేత్త ఒకనాడు దేవాలయంలో ఒక మూలన జపమాల చెప్పుకుంటుంటే ఓజనాం చూసి ధైర్యం తెచ్చుకున్నారని చెబుతారు.

ధైర్యం అవసరమే. ఆనాటి విశ్వవిద్యాలయంలో క్రైస్తవ విశ్వాసానికి కాలం చెల్లిందనే భావన బలంగా ఉండేది. 1832లో జూఫ్రువా అనే తత్వశాస్త్ర ఆచార్యుడు తన తరగతిలో దైవప్రకటనను విమర్శించారు. ఓజనాం, మరికొందరు కథోలిక విద్యార్థులు మర్యాదగా తమ అభ్యంతరాన్ని వ్రాసి పంపారు. చివరకు ఆ లేఖను తరగతిలోనే చదవవలసి వచ్చింది.

బైయీ అనే పెద్దమనిషి నిర్వహించే చర్చావేదికలో విద్యార్థులు వారం వారం కలుసుకునేవారు. అక్కడ కథోలికులు ఉండేవారు, మతమంటే గిట్టనివారు ఉండేవారు, వోల్టేరు అభిమానులు ఉండేవారు, సెన్ సిమోన్ అనుచరులు ఉండేవారు. ఈ చివరివారి సంగతి కొంచెం చెప్పాలి. పాత మతం స్థానంలో మానవసేవ అనే కొత్త మతం రావాలని, వారసత్వపు ఆస్తి పోవాలని, సమాజం అట్టడుగు వర్గాల మేలుకోసం పనిచేయాలని వారు కోరేవారు. వారిలో చాలామంది నిజాయితీపరులు. ఓజనాం 18 ఏళ్ళకే వారి సిద్ధాంతాన్ని విమర్శిస్తూ ఒక చిన్న పుస్తకం ప్రచురించారు.

చర్చల్లో ఓజనాం చరిత్రను ఆధారం చేసుకుని మాట్లాడేవారు. అనాథలను చేరదీసింది, రోగులకు ఆశ్రమాలు కట్టింది, పాఠశాలలు నెలకొల్పింది శ్రీసభేనని చూపేవారు. ఒకరోజు ఎదుటిపక్షంవారు ఆ చరిత్రను కాదనలేదు. అంతా ఒప్పుకున్నారు. అది గతమన్నారు. ఆ చెట్టు ఇప్పుడు ఎండిపోయిందన్నారు. కథోలికులమని గర్వంగా చెప్పుకునే మీరు ఈ పారిస్‌లోని పేదలకు ఈనాడు ఏం చేస్తున్నారో చూపండి, అప్పుడు నమ్ముతామన్నారు.

ఆ ప్రశ్న ఎంత సూటిగా తగిలి ఉంటుందో ఆలోచించండి. అంతకు ముందు సంవత్సరమే, 1832లో, కలరా వచ్చి పారిస్‌లో 18 వేల మందికి పైగా చనిపోయారు. పేదల వాడల్లో ఆకలి, చలి, చీకటి గదులు. విద్యార్థులు ఆ వీధుల పక్కనుంచే రోజూ నడిచి వెళ్ళి, వేదిక మీద విశ్వాసాన్ని గురించి వాదించుకుంటున్నారు. ఓజనాం దగ్గర జవాబు లేదు. సిగ్గుపడ్డారు. వాదంలో ఓడిపోయినందుకు కాదు, ఎదుటివారి మాటలో నిజం ఉన్నందుకు.

ఆరుగురు విద్యార్థులు

1833 ఏప్రిల్ 23న, తన 20వ పుట్టినరోజున, ఓజనాం మరి ఐదుగురు స్నేహితులతో బైయీ నడిపే పత్రికా కార్యాలయంలో సమావేశమయ్యారు. బైయీని అధ్యక్షునిగా ఎన్నుకున్నారు. నిర్ణయం చాలా చిన్నది. పేదల ఇళ్ళకు వెళ్ళాలి. చేతిలో ఉన్నది ఇవ్వాలి. వారం వారం కలిసి ప్రార్థించి, చూసివచ్చిన కుటుంబాల సంగతి మాట్లాడుకోవాలి. చివర్లో ఎవరెంత వేశారో ఎవరికీ తెలియకుండా చందా పోగుచేయాలి.

కాని పేదలు ఎక్కడున్నారో, వారితో ఎలా మెలగాలో వారికి తెలియదు. అందుకని ఆ వాడలో ఎన్నో ఏళ్ళుగా సేవ చేస్తున్న మఠకన్య రోసలీ రాండు దగ్గరకు వెళ్ళారు. ఆమె కొన్ని కుటుంబాల పేర్లు, రొట్టెలకు, బొగ్గుకు చీటీలు ఇచ్చింది. పేదవాని ఇంట్లో తొందరపడకూడదని, తీర్పు తీర్చకూడదని, ముందు వినాలని నేర్పింది.

ఓజనాంకు అప్పగించిన కుటుంబంలో ఒక తల్లి, ఐదుగురు పిల్లలు, తాగివచ్చి కొట్టే మగవాడు. ఓజనాం రొట్టె చీటీ ఇచ్చి వచ్చేయలేదు. ఆ వివాహానికి చట్టబద్ధత లేదని తెలుసుకుని, అధికారుల ద్వారా ఆమెకు అతని పీడ వదిలించారు. స్నేహితులంతా చందా వేసి ఆమెను, చిన్న పిల్లలను ఆమె పుట్టింటికి పంపించారు. పెద్ద పిల్లలకు బైయీ అచ్చుకూటంలో పని చూపించారు. న్యాయశాస్త్రం చదివే విద్యార్థి తన చదువును మొట్టమొదట ఉపయోగించింది అక్కడే.

ఆ ఆరుగురు కొద్ది సంవత్సరాల్లో వందలయ్యారు, తరువాత వేలయ్యారు. సభను పునీత విన్సెంట్ డి పాల్ గారి పాలనలో ఉంచారు. అది ఇతర దేశాలకు పాకింది.

ఆచార్యుడు, భర్త, తండ్రి

ఓజనాం గురువు కాలేదు, సన్యాసి కాలేదు. మనలాంటి గృహస్థు. న్యాయశాస్త్రంలో, సాహిత్యంలో డాక్టరు పట్టాలు పొందారు. తండ్రి 1837లోను, తల్లి 1839లోను కన్నుమూశారు. 1841లో అమేలీ సులాక్రువాను వివాహమాడారు. 1845లో మరీ అనే కుమార్తె పుట్టింది. 1844లో సోర్బోన్ విశ్వవిద్యాలయంలో విదేశీ సాహిత్య ఆచార్యులయ్యారు.

దానం ఒక్కటే చాలదని ఆయన త్వరగానే గ్రహించారు. 1839-40లో లియోన్‌లో వాణిజ్య న్యాయం బోధిస్తూ, కార్మికుని కూలి అతని కుటుంబ పోషణకు, పిల్లల చదువుకు, వృద్ధాప్యానికి సరిపోవాలని చెప్పారు. పోపు 13వ లియో గారు కార్మికుల హక్కులపై విశ్వలేఖ వెలువరించింది 1891లో. దానికి 50 ఏళ్ళ ముందటి మాట ఇది. కూలివాని డబ్బు ఎగవేసి పండుగనాడు అన్నదానం చేయడం ఆయన లెక్కలో ధర్మం కాదు.

అవిశ్వాసులైన సహ ఆచార్యులతో ఆయన స్నేహంగా ఉండేవారు. పొరబాటును పొరబాటనేవారు, మనిషిని మాత్రం గాయపరచేవారు కాదు. ఇది కొందరు కథోలికులకే నచ్చలేదు. శత్రువులతో మెత్తగా ఉంటున్నాడని ఒక ప్రముఖ కథోలిక పత్రిక ఆయనను దుయ్యబట్టింది. ఆయన బాధపడ్డారు గాని పద్ధతి మార్చుకోలేదు. 1848 జూన్‌లో పారిస్ వీధుల్లో కార్మికులకు, సైన్యానికి మధ్య రక్తం పారినప్పుడు, ఓజనాం ఇద్దరు మిత్రులతో వెళ్ళి, సంధి చేయమని అగ్రపీఠాధిపతి ఆఫ్ర్ గారిని వేడుకున్నారు. ఆయన వెంటనే బయలుదేరారు. వీధి అడ్డుగోడల మధ్య తుపాకి గుండు తగిలి, రెండు రోజులకు జూన్ 27న ప్రాణాలు విడిచారు.

ఓజనాం ఆరోగ్యం కూడా క్షీణించింది. 1852లో జ్వరంతో ఉండికూడా విద్యార్థుల కోసం లేచివెళ్ళి చివరి పాఠం చెప్పారు. మరుసటి ఏడాది ఇటలీలో, తన 40వ పుట్టినరోజున, దేవుడు పిలిస్తే వస్తానని ఒక ప్రార్థన వ్రాసుకున్నారు. భార్యను, పసిబిడ్డను వదలడం ఎంత కష్టమో అందులో దాచుకోలేదు. 1853 సెప్టెంబరు 8న, దేవమాత జన్మదినోత్సవం నాడు, మార్సెయ్ నగరంలో పరమపదించారు. 1997 ఆగస్టు 22న పోపు రెండవ జాన్ పాల్ గారు పారిస్ నోటర్‌డామ్ దేవాలయంలో ఆయనను ధన్యునిగా ప్రకటించారు. సిస్టర్ రోసలీకి 2003లో అదే గౌరవం లభించింది.

మీ అబ్బాయికి ఏం చెబుతారు?

ఇప్పుడు మన అన్నాల బల్ల దగ్గరకు తిరిగి వద్దాం. నమ్మనివారిలో మంచితనం ఎలా వచ్చిందన్న దానికి పునీత పౌలుగారు రోమీయులకు వ్రాసిన లేఖలోనే సమాధానం ఉంది. ధర్మశాస్త్రం ఎరుగనివారి హృదయాల్లో కూడా దేవుడు తన చట్టాన్ని వ్రాశాడని ఆయన బోధించారు. మనస్సాక్షి కథోలికుల సొంత ఆస్తి కాదు. కాబట్టి ఆ స్నేహితుని మంచితనాన్ని చూసి మీ అబ్బాయి విశ్వాసం వదులుకోనక్కరలేదు. దానికి దేవునికి వందనాలు చెప్పవచ్చు.

మరి విశ్వాసం ఇచ్చేదేమిటి? సెన్ సిమోన్ అనుచరులు మనిషికి అతని సామర్థ్యాన్నిబట్టి, చేసిన పనినిబట్టి ప్రతిఫలం దక్కాలన్నారు. మంచి మాటే. అయితే పని చేయలేని ముసలమ్మ సంగతేమిటి? మంచాన పడ్డ రోగి సంగతేమిటి? ఏ లెక్కలోనూ విలువ రాని ఆ మనిషికి కూడా మనతో సమానమైన విలువ ఉందని ఎలా చెప్పగలం? నమ్మనివారు కూడా అలాంటివారిని ఆదరిస్తారు, నిజమే. మనకు మాత్రం ఆ విలువ మన దయ మీద గాని, సమాజం లెక్క మీద గాని ఆధారపడి లేదు. ఆ మనిషిలో క్రీస్తునాధుడే మన ముందు ఉన్నాడు. అందుకే ఓజనాం పేదవారి గడపలో టోపీ తీసి నిలబడ్డారు.

కాని ఈ మాట మీరు నోటితో చెబితే మీ అబ్బాయి పూర్తిగా నమ్మడు. నమ్మనక్కరలేదు కూడా. రెండవ వాటికన్ మహాసభ 1965లో, నాస్తికత్వం పెరగడానికి కొంతవరకు విశ్వాసుల ప్రవర్తనే కారణమని ఒప్పుకుంది. ముందు వరుసలో మోకరించే ఆ పెద్దమనిషి ఎవరో మనకు తెలుసు. ఒక్కొక్కసారి అది మనమే.

వచ్చే ఆదివారం దివ్యపూజ తరువాత మీ అబ్బాయిని వెంటబెట్టుకుని మీ విచారణలో ఒంటరిగా ఉన్న ఒక ఇంటికి వెళ్ళండి. కాసేపు కూర్చోండి. అక్కడ ఉపదేశాలేమీ చేయకండి. అంతకంటే ముందు, మీ పొలంలోనో, మీ ఇంట్లోనో పనిచేసినవారికి బాకీ ఏమైనా ఉంటే శనివారమే తీర్చేయండి. తిరిగి వచ్చేటప్పుడు దారిలో మీ అబ్బాయి మళ్ళీ ఆ ప్రశ్న అడుగుతాడు. అప్పుడు మీరు మాట్లాడితే అతడు వింటాడు.