రమేంద్రనాథ చక్రవర్తిగారు

బందరు అద్దకము మన యిండ్లలో చిరకాలముగా నెఱిగినదే. ఆ బందరునకే, చెక్కపై చిత్రము చెక్కి కాగితముపై ముద్రించు శిల్పి యొకరు ఉపాధ్యాయులై వచ్చిరని యెఱిగినవారు కొందఱే.

చక్రవర్తిగారు 1902లో త్రిపురలో జన్మించిరి. 1921లో శాంతినికేతనమున చేరి నందలాల్ బోసుగారికి శిష్యులైరి. పిమ్మట, కోపల్లె హనుమంతరావుగారు ప్రభృతులు 1910లో స్థాపించిన ఆంధ్ర జాతీయ కళాశాలలో చిత్రకళ బోధించిరి.

చెక్కలో ఉలి తొలచినచోట కాగితము తెల్లగా నిలుచును; విడిచినచోట సిరా యంటి నల్లనగును. కుడియెడమలు తారుమారుగా చెక్కవలెను. లెక్కలలో తప్పు దొరలిన కొట్టివేసి వ్రాయుదుము. ఇచట నొక్క గీటు తప్పిన చెక్కయే చెడును! సాలవృక్షముల తోపులలో దేవతలను కొలుచు సంతాలుల బ్రతుకును, వారి పల్లెపట్టులను ఆ తెలుపు నలుపులతోనే వారు చూపిరి. వర్ణచిత్రము ఒక్కరి గోడకే పరిమితము. ఒకే చెక్కనుండి పలు ప్రతులు వెలువడును గనుక నిది సామాన్యుని యింటికిని చేరగలదు. మన ఐ.పోలవరము గ్రంథాలయమునకు వచ్చువారికి దీని విలువ వేఱుగా చెప్పనక్కఱలేదు.

1929లో కలకత్తా ప్రభుత్వ చిత్రకళాశాలలో ప్రధానోపాధ్యాయులై, తరువాత అధ్యక్షులైరి. 1955లో మరణించిరి. వీరి శిష్యులు హరేన్ దాస్, సఫీయుద్దీన్ అహమ్మద్ గార్లు ఈ విద్యయందే పేరొందిరి. రెండవవారు 1948లో నెలకొన్న ఢాకా చిత్రకళా విద్యాలయమున దానిని బోధించిరి.