మూసీ వరదను లెక్కగట్టిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారు

ప్రతి ఏటా సెప్టెంబరు 15న ఇంజనీర్ల దినోత్సవం జరుపుకుంటాం. ఆ రోజు విశ్వేశ్వరయ్య గారి జన్మదినమని మన హాస్టల్లో ఎనిమిదో తరగతి తమ్ముడు కూడా చెబుతాడు. కృష్ణరాజసాగర్ కట్టించారనీ, 1955లో భారతరత్న పొందారనీ చెబుతాడు. అయితే కృష్ణ ఒడ్డున పుట్టిన మనకు ఆయన చేసిన పనుల్లో అన్నిటికన్నా దగ్గరిది వేరే ఉంది. రాబోయే ప్రమాదం ఎంత పెద్దదో ముందుగా అంచనా కట్టడం. ఎమ్మెస్సీ ఫిజిక్స్‌లో అణు విద్యుత్ కేంద్రాల భద్రత గురించి చదువుతుంటే నాకు మాటిమాటికీ ఆయనే గుర్తొచ్చారు.

ఆయన 1861లో కర్ణాటకలోని ముద్దెనహళ్ళిలో జన్మించారు. పూర్వీకులది మన గిద్దలూరు ప్రాంతంలోని మోక్షగుండం, ఇంటిపేరు ఆ ఊరిదే. చిన్నతనంలోనే తండ్రి పోయారు. బెంగుళూరు సెంట్రల్ కాలేజీలో చదువుతూ పిల్లలకు ప్రైవేట్లు చెప్పి ఖర్చులు వెళ్లదీసుకున్నారు. తర్వాత మైసూరు ప్రభుత్వ సహాయంతో పూనాలో ఇంజనీరింగు చదివి 1883లో ప్రథముడిగా నిలిచారు. అంటే ఆయనదీ స్కాలర్‌షిప్ చదువే! 1884లో బొంబాయి ప్రభుత్వంలో ఉద్యోగం. సూరత్ పట్టణానికి తపతి నది నీళ్లందించారు. 1903లో ఖడక్‌వాస్లా ఆనకట్టకు, నీరు పెరిగితే వాటంతటవే తెరుచుకునే గేట్లు పెట్టారు.

1908 సెప్టెంబరు 28న హైదరాబాదులో మూసీ పొంగింది. సుమారు 15 వేల మంది చనిపోయారని అంచనా. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఆవరణలో ఒక చింతచెట్టెక్కి సుమారు 150 మంది బతికారని చెబుతారు, ఆ చెట్టు ఇంకా ఉంది. అప్పటికి విశ్వేశ్వరయ్య గారు ఉద్యోగం వదిలి యూరపు పర్యటనలో ఉన్నారు. నిజాం ప్రభుత్వం కబురు పంపగా 1909 ఏప్రిల్‌లో హైదరాబాదు వచ్చారు.

వచ్చినాయన ముందు గోడలు కట్టమని చెప్పలేదు. వాన లెక్కలు తెప్పించారు. శంషాబాద్‌లో 24 గంటల్లో 12.8 అంగుళాల వాన పడింది. వరద ఉధృతి సుమారు 4,25,000 క్యూసెక్కులని తేల్చారు. క్యూసెక్కంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు. ఆ తర్వాత పైనున్న చెరువులు లెక్కించారు. నగరానికి ఎగువన 788 చెరువులుంటే, వాటిలో 221 తెగిపోయాయి.

తమ్ముళ్లూ, ఇక్కడ కాస్త ఆగి ఆలోచించండి. ఒక చెరువు తెగే అవకాశం నూటికి ఒకటి, రెండోదానికీ నూటికి ఒకటి అనుకుందాం. రెండూ ఒకే రోజు తెగే అవకాశం పదివేలకు ఒకటని ఇంటర్ లెక్కల పుస్తకం చెబుతుంది. కానీ ఆ గుణకారం ఒకదానికొకటి సంబంధం లేనివాటికే చెల్లుతుంది. రెండింటి మీదా పడింది ఒకే వాన. పైగా మీది చెరువు తెగితే ఆ నీరంతా కింది చెరువు మీదకే వస్తుంది. గొలుసుకట్టు చెరువులు గొలుసులాగానే తెగుతాయి.

అణు విద్యుత్ కేంద్రాల ప్రమాదాన్ని లెక్కగట్టడంలో అతి కష్టమైన చోటు సరిగ్గా ఇదే. 1975లో అమెరికాలో వచ్చిన పెద్ద నివేదిక, ఒక రియాక్టరులో గర్భభాగం కరిగే ప్రమాదం ఏడాదికి ఇరవై వేలలో ఒకటని అంచనా వేసింది. 1979లోనే త్రీ మైల్ ఐలాండ్‌లో గర్భభాగం కొంత కరిగింది. జపానులోని ఫుకుషిమాలో కరెంటు పోతే ఆదుకోవడానికి ఒకటి కాదు, చాలా డీజిల్ జనరేటర్లున్నాయి. ఒకటి చెడితే ఇంకొకటి అనుకున్నారు. 5.7 మీటర్ల అలకు లెక్క వేసుకుంటే 2011 మార్చి 11న దాదాపు 14 మీటర్ల అల వచ్చి చాలావాటిని ఒకేసారి ముంచేసింది. మన దేశంలోనూ 1994 జూన్‌లో కాక్రపార్ కేంద్రపు టర్బైన్ భవనంలోకి వరద నీరు చేరింది. అదృష్టవశాత్తూ రియాక్టరు అప్పుడు ఆగి ఉంది. కాక్రపార్ ఉన్నది విశ్వేశ్వరయ్య గారు పనిచేసిన ఆ తపతి పక్కనే. శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో కేంద్రం కట్టాలంటున్నారు, అక్కడా పక్కన సముద్రమే.

ఆయన ఇచ్చిన ఉపాయం మూసీ మీద, ఈసీ మీద నగరానికి పైన రెండు జలాశయాలు కట్టి, వరద వచ్చినప్పుడు పట్టేందుకు వాటిలో ఖాళీ ఉంచడం. ఉస్మాన్ సాగర్ 1920లో, హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. కట్టినవారు వేరేవాళ్లు. ఆయన 1909లోనే మైసూరుకు చీఫ్ ఇంజనీరుగా వెళ్లిపోయారు.

1912 నుంచి 1918 వరకు మైసూరు దివానుగా పనిచేశారు. ఉక్కు, సబ్బు, బ్యాంకు, విశ్వవిద్యాలయం... ఆ జాబితా పాఠ్యపుస్తకంలో ఉంది. పుస్తకంలో లేనిది ఒకటి చెప్పాలి. వెనుకబడిన వర్గాలకు ప్రభుత్వోద్యోగాల్లో వాటా ఇవ్వాలని మహారాజు తలపెడితే ఆయన ఒప్పుకోలేదు, దివాను పదవి వదిలేశారు. ప్రతిభే కొలత అన్నది ఆయన నమ్మకం. సోషల్ వెల్ఫేర్ హాస్టల్లో తిని చదివి, మా ఇంట్లో మొదటి డిగ్రీ తెచ్చుకున్న నేను ఆ మాట ఒప్పుకోలేను. పై చెరువుల్ని లెక్కించకుండా నదిని అంచనా వేయకూడదని తెలిసిన మనిషి, బడి గడప తొక్కనివ్వని వందల ఏళ్లను మాత్రం లెక్కలోకి తీసుకోలేదనిపిస్తుంది. దండ వేసేటప్పుడు ఈ సంగతీ తెలిసి వేద్దాం.

నూరేళ్లు నిండాక 1962 ఏప్రిల్‌లో కన్నుమూశారు.

ఆయన లెక్క పద్ధతిని మన ఏటికి పెట్టి చూడండి. ప్రకాశం బ్యారేజీని తట్టుకోగలదని అంచనా వేసిన వరద 11.90 లక్షల క్యూసెక్కులు. 2009 అక్టోబరులో సుమారు 11.1 లక్షలు వచ్చాయి. 2024 సెప్టెంబరులో 11.43 లక్షలు వచ్చి, పెసర్లంక, పోతార్లంక వైపు పసుపు, కంద, అరటి తోటలు మునిగాయి. లెక్కకూ, వచ్చిన నీటికీ మధ్య మిగిలింది 47 వేల క్యూసెక్కులు.