ఆర్యభటాచార్యుడు

కలియుగమున 3600 సంవత్సరములు గడచిన నాటికి, అనగా క్రీ.శ. 499 నాటికి, ఆర్యభటుని వయస్సు 23 ఏండ్లు. కుసుమపురమున ఆదరింపబడిన జ్ఞానమును ఆయన పరబ్రహ్మకు ప్రణమిల్లి ఆర్యభటీయమున నిబంధించెను.

నక్షత్రములు కదలుచున్నట్లు తోచినను, నిజముగ తిరుగుచున్నది భూగోళమే యని తెలిపెను. చంద్రుడు సూర్యకాంతిచేతనే వెలుగుననియు, చంద్రబింబము సూర్యుని కప్పుటచే సూర్యగ్రహణము, భూచ్ఛాయ చంద్రుని కప్పుటచే చంద్రగ్రహణము కలుగుననియు వివరించెను.

భూభ్రమణమును 628లో బ్రహ్మగుప్తుడు ఖండించెను. ఆర్యభటుని అనుసరించిన వ్యాఖ్యాతలు సైతము కొందరు ఆ మాటకు వేరర్థము చెప్పిరి. అయినను సత్యము నిలిచినది. 1975లో భారతదేశపు తొలి ఉపగ్రహము ఆయన నామమునే ధరించెను.

గ్రహణస్నానమునకై పంచాంగమున స్పర్శమోక్షకాలములు చూచుకొను ప్రతి గృహస్థుడును ఆ మహనీయునకు ఋణపడియున్నాడు.