బిడ్డ కోసం బతికిన నటి అన్నా మాన్యానీ

ఇటలీ నటి అన్నా మాన్యానీ 1908లో రోమ్‌లో పుట్టారు. తండ్రి అండ లేదు. తల్లి ఈజిప్టులోని అలెగ్జాండ్రియాకు వెళ్లిపోవడంతో అమ్మమ్మే పెంచింది. నైట్‌క్లబ్బుల్లో పాటలు పాడుతూ సినిమాల్లోకి వచ్చారు. 1942లో పుట్టిన ఒక్కగానొక్క కొడుక్కి పసితనంలోనే పోలియో సోకింది. ఆ బిడ్డ వైద్యం కోసమే అన్నట్టు కష్టపడ్డారు.

1945లో ‘రోమ్, ఓపెన్ సిటీ’తో పేరొచ్చింది. కాబోయే భర్తను నాజీలు పట్టుకెళ్తుంటే లారీ వెనక పరుగెత్తి తూటాలకు కూలిపోయే తల్లి పాత్ర ఆమెది. ‘ది రోజ్ టాటూ’కు 1956లో ఆస్కార్ ఉత్తమ నటి అయ్యారు. ‘మమ్మా రోమా’లోనూ కొడుకు బాగుపడాలని తపించే అమ్మే. 1971లో టీవీ సినిమాలూ చేశారు.

1973 సెప్టెంబర్ 26న క్యాన్సర్‌తో కన్నుమూశారు. అప్పుడు ఆ కొడుకు పక్కనే ఉన్నాడు.