పాలడబ్బా మీద పోరాడిన డాక్టరమ్మ

హిందూపురం కావచ్చు, పెనుకొండ కావచ్చు, ధర్మవరం కావచ్చు... ఆస్పత్రిలో కాన్పు అయిందనగానే బయట కూర్చున్న అవ్వకూ, అత్తకూ, మేనత్తకూ ఒకటే హడావుడి. ఆడా, మగా అన్నది తెలిసిపోగానే రెండో ప్రశ్న, బిడ్డ నోట్లో ముందుగా ఏం వేయాలని! ఒకరు తేనె అంటారు. ఇంకొకరు చక్కెర నీళ్లంటారు. తల్లికి ఇంకా పాలు పడలేదు, డబ్బాపాలు తెప్పించండని సలహా ఇచ్చేవాళ్లూ ఉంటారు. బిడ్డకు కావలసింది పక్క మంచం మీదున్న తల్లి దగ్గర సిద్ధంగానే ఉంటుంది. అయినా మధ్యలో ఇన్ని చేతులు!

తల్లికీ బిడ్డకూ మధ్య ఇలా అడ్డుపడే వాటి మీద జీవితమంతా పోరాడిన డాక్టరమ్మ సిసిలీ విలియమ్స్. మన దేశంలోనూ కొంతకాలం పనిచేసిన ఆమె కథ పిల్లల తల్లులే కాదు, వాళ్ల అత్తలూ అమ్మలూ కూడా తెలుసుకోవలసిందే.

పెళ్లి కాదని డాక్టరీ!

సిసిలీ 1893 డిసెంబరు 2న జమైకా దీవిలో పుట్టారు. తొమ్మిదేళ్ల వయసులో తండ్రి ఆమెను చూసి, ఈ పిల్లకు మొగుడు దొరికేట్టు లేడు, డాక్టరీ చదివితే మేలని అన్నాడట. ఆయన ఏ ఉద్దేశంతో అన్నా మాట మాత్రం నిజమైంది. ఆమె పెళ్లి చేసుకోలేదు, డాక్టరే అయ్యారు. మొదటి ప్రపంచ యుద్ధానికి మగవాళ్లు వెళ్లిపోవడంతో ఆక్స్‌ఫర్డ్‌లో ఆడపిల్లలకు వైద్యం సీట్లు దొరికాయి. అలా చదివి 1923లో పట్టా పుచ్చుకున్నారు. తీరా చూస్తే యుద్ధం నుంచి మగ డాక్టర్లు తిరిగొచ్చేశారు. ఆడ డాక్టరుకు ఉద్యోగం దొరకడమే గగనమైంది.

చివరికి 1929లో బ్రిటిష్ ప్రభుత్వం ఆమెను ఆఫ్రికాలోని గోల్డ్‌కోస్ట్‌కు పంపింది. అదే ఇప్పటి ఘనా. ఉద్యోగం పేరే ‘మహిళా వైద్యాధికారి’. పని మగవాళ్లతో సమానం, జీతం మాత్రం తక్కువ!

తల్లులను అడిగి తెలుసుకున్న జబ్బు

అక్కడి ఆస్పత్రికి ఒకే రకం పిల్లలు వచ్చేవారు. ఏడాది, రెండేళ్ల వయసు. కాళ్లూ చేతులూ ఉబ్బి, జుట్టు ఎర్రబారి, చర్మం పొరలు పొరలుగా ఊడుతూ ఉండేది. చాలామంది చనిపోయేవారు. పుస్తకాల్లో ఈ జబ్బు ఊసే లేదు. అప్పుడు సిసిలీ ఒక తెలివైన పని చేశారు. దీన్ని మీరేమంటారని అక్కడి ఆడవాళ్లనే అడిగారు. వాళ్లు చెప్పిన పేరు క్వాషియార్కర్. తమ్ముడో చెల్లెలో పుట్టగానే పెద్దబిడ్డకు వచ్చే జబ్బని దాని అర్థం. జబ్బుకు కారణం ఆ పేరులోనే ఉంది! మళ్లీ కడుపు రాగానే పెద్దబిడ్డకు పాలు మాన్పించి, ఉత్త మొక్కజొన్న జావ పోస్తున్నారు. పప్పూ పాలూ చూపించకుండా పసివాడికి రోజూ సంగటి ఒక్కటే పెట్టినట్టన్నమాట.

ఆమె 1933లో ఈ సంగతి రాస్తే లండన్ నిపుణుడొకరు ఇది కొత్త జబ్బే కాదని కొట్టిపారేశారు. సిసిలీ తగ్గలేదు. 1935లో ఆ తల్లులు పెట్టిన పేరుతోనే మళ్లీ రాశారు. తర్వాత మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ సహా ఎన్నో చోట్ల దీని మీద పరిశోధనలు జరిగాయి.

నర్సు వేషంలో అమ్మకం

1936లో ఆమెను మలయాకు బదిలీ చేశారు. అక్కడి చిక్కు వేరు. పాల కంపెనీలు ఆడవాళ్లకు నర్సుల్లా తెల్లబట్టలు తొడిగి బాలింతల దగ్గరకు పంపేవి. తల్లిపాలకన్నా డబ్బాలోని తియ్యటి చిక్కటిపాలే మేలని వాళ్లు నమ్మబలికేవారు. అందులో చక్కెర ఎక్కువ, విటమిన్లు తక్కువ. ఆ పాలు కలిపే నీళ్లా శుభ్రంగా ఉండవు. పిల్లలు విరేచనాలతో రాలిపోతుంటే సిసిలీ చూడలేకపోయారు. 1939లో సింగపూర్ రోటరీ క్లబ్బులో పెద్దమనుషుల ముందు నిలబడి పాలూ హత్యా అన్న పేరుతో ప్రసంగించారు. ఇలాంటి తప్పుడు ప్రచారంతో పోయిన పసిప్రాణాలను హత్యలుగానే లెక్కించాలని నిర్మొహమాటంగా చెప్పారు.

జైల్లో బతికిన బిడ్డలు

1942లో సింగపూర్ జపాన్ చేతికి చిక్కింది. సిసిలీని చాంగీ జైల్లో పెట్టారు. నెలల తరబడి సైనిక పోలీసుల చెరలోనూ నరకం చూశారు. తిండిలేక వచ్చిన బెరిబెరి జబ్బుతో ఆమె పాదాలు మొద్దుబారాయి. ఆ జైల్లోనే ఇరవై మంది బిడ్డలు పుట్టారు. డబ్బా లేదు, సీసా లేదు. అర్ధాకలితో ఉన్న తల్లులే ఇరవై మందికీ పాలిచ్చారు. ఇరవై మందీ బతికారు! పాలు పడలేదు అనే ముందు ఆ తల్లులను ఒక్కసారి తలచుకోవాలి కదూ?

యుద్ధం ముగిశాక 1948లో ప్రపంచ ఆరోగ్య సంస్థలో తల్లీబిడ్డల విభాగానికి ఆమే తొలి అధిపతి అయ్యారు. తర్వాత ఢిల్లీ కేంద్రంగా మన ప్రాంతపు దేశాలకు సలహాదారుగా పనిచేశారు. 1992 జులై 13న, 98 ఏళ్ల వయసులో ఆక్స్‌ఫర్డ్‌లో కన్నుమూశారు. డబ్బాపాల ప్రకటనలనూ, తల్లులకు ఉచిత శాంపిళ్లు పంచడాన్నీ నిషేధిస్తూ మన పార్లమెంటు చట్టం చేసింది కూడా ఆ ఏడాదే. 1993 ఆగస్టు 1 నుంచి అది అమల్లోకి వచ్చింది.

మొదటి గంట మనదే

మరి ఇప్పుడు మనమెక్కడున్నాం? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 88.6 శాతం కాన్పులు ఆస్పత్రుల్లోనే జరిగాయి. పుట్టిన గంటలోపు తల్లిపాలు తాగిన పిల్లలు మాత్రం 41.8 శాతమే. అంటే ఆస్పత్రి గడప దాకా వచ్చాం గానీ, బిడ్డ తల్లి రొమ్ము దాకా సకాలంలో చేరడం లేదన్నమాట!

బిడ్డ పుట్టగానే తుడిచి తల్లి గుండెల మీద పడుకోబెడితే ఒంటికి ఒళ్లు తగిలి వెచ్చగా ఉంటుంది, తనే రొమ్ము వెతుక్కుంటుంది. బిడ్డ చీకేకొద్దీ పాలు ఊరతాయి, గర్భసంచి ముడుచుకుని తల్లికి రక్తస్రావమూ తగ్గుతుంది. పసుపుపచ్చగా, చిక్కగా ఉండే ముర్రుపాలు చెడ్డపాలు కావు, పిండి పారబోయకండి. జబ్బులను అడ్డుకునే శక్తి అందులోనే ఉంది. కొంచెమే వస్తున్నాయని బెంగ వద్దు. మొదటి రోజు బిడ్డ పొట్టకు తడవకు చెంచా, రెండు చెంచాలే చాలు. ఆపరేషన్ అయినా వెన్నుకు మత్తిచ్చి ఉంటే తల్లి మెలకువగానే ఉంటుంది. నర్సమ్మ సాయంతో గంటలోపే పట్టించవచ్చు. ఆరు నెలలు నిండే దాకా నీళ్లు కూడా అక్కర్లేదు, డాక్టరు రాసిన మందులు తప్ప.

నెలలు నిండుతుండగానే ఈ మాట ఆస్పత్రిలో డాక్టరుతోనూ, ఇంట్లో అత్తగారితోనూ చెప్పి ఉంచండి. నొప్పులతో ఉన్న పిల్ల ఆ వేళ వాదించలేదు. ఆమె తరఫున అడగాల్సింది పక్కనున్న పెద్దవాళ్లే. తేనె సీసా ఇంట్లోనే వదిలి రండి, బిడ్డను తల్లి చేతికివ్వమని అడగండి.