చలికొట్టు నుంచి చట్టసభ దాకా - డొరొతియా డిక్స్ జీవితం

ప్రతి వార్షికోత్సవ సంచికలోనూ ఒక మహనీయుని జీవిత చరిత్ర వేయడం మన హాస్టల్ ఆనవాయితీ. ఈసారి సంపాదక వర్గం కూర్చున్నప్పుడు ఎన్నో పేర్లు వచ్చాయి. చివరికి మేము ఎంచుకున్నది డొరొతియా డిక్స్. అమెరికాలో ఆమె పేరు చాలామందికి తెలుసు. మనలో కొందరికి కొత్త కావచ్చు. మతి చలించిన వారిని జైళ్లలో, గొలుసుల్లో పడేయడం తప్పని ఒక దేశపు ఎన్నో చట్టసభలకు తిరిగి చెప్పిన స్త్రీ ఆమె.

ఈమెనే ఎందుకు ఎంచుకున్నామో కూడా చెప్పాలి. కొన్నేళ్ల క్రితం మన హాస్టల్లో మాతోపాటు ఉన్న ఒక అన్న ఉన్నట్టుండి మాట్లాడటం మానేశాడు. రాత్రిళ్లు నిద్రపోయేవాడు కాదు. మెస్‌కు వచ్చేవాడు కాదు. గాలి సోకిందని కొందరం అన్నాం, ప్రేమ వ్యవహారమని కొందరం నవ్వాం. వాళ్ల నాన్న వచ్చి ట్రంకు పెట్టె ఆటోలో వేసుకుని తీసుకెళ్లాడు. ఆసుపత్రిలో నెల రోజులకు మందులు ఇచ్చారట. ఆ తర్వాత కూలి పని మానుకుని మళ్లీ అంత దూరం తీసుకెళ్లడం ఆ ఇంటికి కుదరలేదు. ఆసుపత్రి నుంచి ఎవరూ ఊరికి వెళ్లి అడగలేదు. మేమూ ఒక్క ఉత్తరం ముక్క రాయలేదు. అన్న చదువు అక్కడితో ఆగిపోయింది. డిక్స్ జీవితం చదువుతున్నంతసేపూ మాకు ఆ అన్నే గుర్తొచ్చాడు.

డొరొతియా డిక్స్ 1802 ఏప్రిల్ 4న మెయిన్ రాష్ట్రంలోని హాంప్డెన్ అనే చిన్న ఊరిలో పుట్టింది. తండ్రి ఊరూరా తిరిగే మత ప్రచారకుడు, తాగుడుకు అలవాటు పడ్డవాడు. తల్లి ఆరోగ్యం అంతంతమాత్రం. ఇద్దరు తమ్ముళ్ల ఆలనాపాలనా చిన్నతనంలోనే ఆమె మీద పడింది. తండ్రి అమ్మే మత పుస్తకాల కాగితాలను కుట్టి అతికించడం కూడా ఆమె పనే. పన్నెండేళ్ల వయసులో ఇల్లు విడిచి బోస్టన్‌లోని నాయనమ్మ దగ్గరికి చేరింది. చదువు కోసం ఇల్లు వదిలి రావడం ఎలా ఉంటుందో మనకు వేరే చెప్పనక్కర్లేదు.

14వ ఏటనే ఉస్టర్ పట్టణంలో చిన్నపిల్లలకు పాఠాలు చెప్పడం మొదలుపెట్టింది. పెద్దదానిలా కనబడాలని పొడవాటి బట్టలు వేసుకునేదట. తర్వాత బోస్టన్‌లో బడి పెట్టింది. డబ్బున్న పిల్లలకు ఒకటి, ఫీజు కట్టలేని పిల్లలకు ఉచితంగా ఇంకొకటి. 1824లో పిల్లల కోసం ఆమె రాసిన సామాన్య విజ్ఞాన పుస్తకం ఎన్నోసార్లు అచ్చయింది. పగలు బడి, రాత్రి రాత. విశ్రాంతి అన్నది ఎరుగదు.

1836లో ఆమె ఆరోగ్యం కుప్పకూలింది. దగ్గు, రక్తం పడటం ఒకవైపు, మనసు పూర్తిగా కుంగిపోవడం ఇంకోవైపు. వైద్యుల సలహాతో ఇంగ్లండ్ వెళ్లింది. లివర్‌పూల్ దగ్గర రాత్‌బోన్ కుటుంబం ఆమెను ఏడాదికి పైగా సొంత మనిషిలా చూసుకుంది. యార్క్ నగరంలో ట్యూక్ కుటుంబం నడిపే మానసిక ఆశ్రమం గురించి ఆమెకు అక్కడే తెలిసింది. ఆ ఆశ్రమంలో గొలుసులూ కొట్టడాలూ ఉండవు. రోగికి పని, తోట, మంచి మాట, శుభ్రమైన గది ఇస్తారు. అంటే, మనసు కుంగినప్పుడు నాలుగు గోడలూ నలుగురు మనుషులూ దొరికితే మనిషి తిరిగి లేస్తాడని ఆమె తన ఒంటితోనే తెలుసుకుంది. అది దొరకని వారి గతి ఏమిటన్నది తర్వాత కళ్లారా చూసింది.

1841 మార్చి 28, ఆదివారం. ఈస్ట్ కేంబ్రిడ్జ్ జైలులో ఆడ ఖైదీలకు బైబిలు పాఠం చెప్పడానికి మనిషి కావాల్సి వస్తే తానే వెళ్లింది. పాఠం అయ్యాక జైలంతా చూసింది. దొంగతనం చేసిన వారితోపాటు ఏ నేరమూ చేయని మతిస్థిమితం లేని స్త్రీలు అక్కడ ఉన్నారు. గడ్డకట్టే చలిలో ఆ గదులకు పొయ్యి లేదు. అడిగితే, పిచ్చివాళ్లకు చలి తెలియదని జవాబు వచ్చింది. ఆమె నేరుగా కోర్టుకు వెళ్లింది. పట్టుబట్టి ఆ గదులకు పొయ్యిలు పెట్టించింది.

మంచి మనసున్న ఎవరైనా అక్కడితో సంతోషించి ఇంటికి వెళ్లేవారు. డిక్స్ మాత్రం ఒక జైలులోనే ఇలా ఉందా, అంతటా ఇలాగే ఉందా అని ఆలోచించింది. నోటు పుస్తకం పట్టుకుని దాదాపు రెండేళ్లు మసాచుసెట్స్ రాష్ట్రంలోని జైళ్లూ, పేదల శాలలూ, ఇళ్ల వెనక కొట్టాలూ తిరిగింది. ఆనాటి పద్ధతి వింటే ఒళ్లు జలదరిస్తుంది. దిక్కులేని పేదలను, మతి చలించిన వారిని కొన్ని ఊళ్లలో వేలం వేసేవారు. ఎవరు తక్కువ ఖర్చుతో పోషిస్తామని ఒప్పుకుంటే వారికి అప్పగించేవారు. ఆ తక్కువ ఖర్చులోంచి మిగుల్చుకోవాలంటే రోగికి తిండీ బట్టా తగ్గించాల్సిందే. అలా బోనుల్లో, నేలమాళిగల్లో, పశువుల దొడ్లలో ఒంటిమీద బట్ట లేకుండా కట్టేసి ఉన్న మనుషులను ఆమె చూసింది. ఊరి పేరు, రోగి స్థితి, అక్కడి ఏర్పాటు అన్నీ రాసుకుంది.

1843 జనవరిలో ఆ వివరాలన్నీ ఒక విన్నపంగా రాష్ట్ర చట్టసభ ముందుకు వచ్చాయి. ఆడవాళ్లకు ఓటే లేని రోజులవి. అందుకని ఆమె స్నేహితుడు శామ్యూల్ గ్రిడ్లీ హోవ్ సభలో దానిని ప్రవేశపెట్టాడు. తమ పరువు తీసిందని ఊళ్ల అధికారులు మండిపడ్డారు. కానీ రాసింది అబద్ధమని తేల్చలేకపోయారు. ఉస్టర్ ఆసుపత్రిని పెంచడానికి సభ డబ్బు మంజూరు చేసింది.

అక్కడి నుంచి ఆమె ఆగలేదు. గుర్రపు బండ్లు, పడవలు, బురద దారులు. సుమారు మూడేళ్లలో పదివేల మైళ్లకు పైగా ప్రయాణించి వందల జైళ్లు, పేదల శాలలు చూసింది. ప్రతి రాష్ట్రంలోనూ ఒకటే పద్ధతి: ముందు చూడటం, తర్వాత రాయడం, ఆ తర్వాత చట్టసభ్యులను ఒక్కొక్కరినీ కలిసి ఒప్పించడం. న్యూజెర్సీ రాష్ట్రంలోని ట్రెంటన్ ఆసుపత్రి 1848లో తెరుచుకుంది. ఆమె పూర్తిగా తన కృషితో పునాది నుంచి లేపించిన మొదటి ఆసుపత్రి అది.

అదే 1848లో నార్త్ కరోలినా వెళ్లింది. అక్కడి సభ ఖర్చు ఎక్కువని బిల్లును పక్కన పెట్టింది. ఆమె దిగిన హోటల్లోనే జేమ్స్ డాబిన్ అనే సభ్యుని భార్య మరణశయ్య మీద ఉంది. డిక్స్ రోజూ ఆమె పక్కన కూర్చుని సేవ చేసింది. ఈమె బిల్లుకు సాయం చేయమని ఆ ఇల్లాలు కన్నుమూసే ముందు భర్తను కోరింది. భార్య అంత్యక్రియలు అయ్యాక డాబిన్ సభకు తిరిగి వచ్చి మాట్లాడాడు. బిల్లు నెగ్గింది. రాలీ నగరంలో ఆసుపత్రి వెలిసింది.

ఆమె జీవితంలో అతి పెద్ద ప్రయత్నం, అతి పెద్ద ఓటమి కూడా ఇక్కడే వస్తాయి. ఒక్కో రాష్ట్రాన్ని బతిమాలడం కన్నా దేశ ప్రభుత్వమే బాధ్యత తీసుకోవాలని ఆమె వాదించింది. ప్రభుత్వ భూముల్లో కోటీ 22 లక్షల ఎకరాలకు పైగా మానసిక రోగులు, అంధులు, బధిరుల కోసం కేటాయించి, వాటిని అమ్మిన సొమ్ముతో శాశ్వత నిధి ఏర్పాటు చేయాలని ఆమె బిల్లు. ఆరేళ్లు వాషింగ్టన్‌లో కాపలా కాసింది. 1854లో ఉభయ సభలూ ఆమోదించాయి. ఆ మే నెలలో అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ పియర్స్ దానిని తిరస్కరించాడు. పేదలను, రోగులను చూసుకోవడం కేంద్రం పని కాదు, రాష్ట్రాల పని అని ఆయన వాదన. రైలు మార్గాల కోసం భూములు ఇవ్వడానికి అడ్డురాని రాజ్యాంగం రోగుల దగ్గరికి వచ్చేసరికి అడ్డం వచ్చిందన్నమాట!

డిక్స్ కుంగిపోయి ఐరోపాకు వెళ్లింది. అక్కడా ఊరుకోలేదు. స్కాట్లాండ్‌లో మానసిక రోగుల దుస్థితి మీద ప్రభుత్వ విచారణ జరిగేలా చేసింది. రోమ్‌లో పోపును స్వయంగా కలిసి అక్కడి ఆసుపత్రి గురించి చెప్పింది. అమెరికా అంతర్యుద్ధ కాలంలో 1861 నుంచి సైనిక నర్సులకు అధికారిణిగా పనిచేసింది. ఆ ఉద్యోగంలో ఆమెకు మంచి పేరు రాలేదు. కఠినంగా ఉండేదనీ, వైద్యులతో పొసగలేదనీ అంటారు.

ఇంకొక మాట దాచకుండా చెప్పాలి. దక్షిణ రాష్ట్రాల సభ్యుల మద్దతు కోసమో, తన పని చెడిపోతుందనో, ఆమె నల్లజాతి వారి బానిసత్వానికి వ్యతిరేకంగా నోరు విప్పలేదు. గొలుసుల్లో ఉన్న రోగిని చూసి కరిగిన మనసు, ఆ పక్కనే గొలుసుల్లో ఉన్న బానిసను చూసి మాట్లాడలేదు. సాంఘిక సంక్షేమ హాస్టల్లో చదువుకునే మనం ఈ సంగతి వదిలేసి ఆమెను పొగడలేం. గొప్పవారి నుంచి నేర్చుకోవాల్సింది నేర్చుకోవాలి, వారి లోపాన్నీ గుర్తుపెట్టుకోవాలి.

ముప్పైకి పైగా ఆసుపత్రుల స్థాపనలోనో విస్తరణలోనో ఆమె చేయి ఉంది. పెళ్లి చేసుకోలేదు, సొంత ఇల్లంటూ లేదు. 1881లో ముసలితనంలో ట్రెంటన్ ఆసుపత్రికే చేరింది. అక్కడ ఆమెకు గదులు ఇచ్చారు. 1887 జూలై 17న అక్కడే కన్నుమూసింది.

కథ ఇక్కడితో అయిపోతే బాగుండేది. ఆమె కట్టించిన ఆసుపత్రులు కాలక్రమాన కిక్కిరిసిపోయాయి. డబ్బు చాలక, మనుషులు చాలక అవీ బందిఖానాలయ్యాయి. 1955 నాటికి అమెరికా ప్రభుత్వ మానసిక ఆసుపత్రుల్లో సుమారు 5 లక్షల 59 వేల మంది ఉన్నారు. కొత్త మందులు వచ్చాయి. రోగిని ఊరికి దూరంగా దాచడం కాదు, ఊరిలోనే ఇంటి దగ్గరే వైద్యం అందాలన్న మంచి ఆలోచన వచ్చింది. 1963 అక్టోబరు 31న అధ్యక్షుడు కెన్నెడీ అందుకు చట్టం మీద సంతకం చేశాడు. మూడు వారాల తర్వాత ఆయన హత్యకు గురయ్యాడు. దేశమంతా 1500 కేంద్రాలు పెట్టాలనుకుంటే సుమారు సగమే వచ్చాయి. వాటిని నడిపే ఖర్చుకు స్థిరమైన ఏర్పాటు లేదు. 1981లో కేంద్రం తన బాధ్యతను చాలావరకు తగ్గించుకుని రాష్ట్రాలకు వదిలేసింది. పియర్స్ చెప్పిన మాటే మళ్లీ గెలిచింది.

ఆసుపత్రుల తలుపులు తెరుచుకున్నాయి గానీ ఊరిలో తెరవాల్సిన తలుపులు తెరుచుకోలేదు. మందులు అయిపోయినవారు, ఇల్లు లేనివారు రోడ్డున పడ్డారు. రోగం ముదిరిన రాత్రి ఫోను చేస్తే డాక్టరుకు బదులు పోలీసు వచ్చాడు. లాస్ ఏంజెలిస్, షికాగో, న్యూయార్క్ జైళ్లే దేశంలో మానసిక రోగులు అత్యధికంగా ఉండే చోట్లుగా పేరుపడ్డాయి. 1841లో డిక్స్ ఎక్కడ మొదలుపెట్టిందో సమాజం తిరిగి అక్కడికే వచ్చింది. రాలీలో ఆమె పేరు మీద ఉన్న ఆసుపత్రి కూడా 2012లో మూతపడింది. ఆ స్థలాన్ని నగరం పార్కు కోసం కొనుక్కుంది.

మన దగ్గర మాత్రం? 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో ఒక ప్రైవేటు ఆశ్రమానికి నిప్పంటుకుంటే గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది పారిపోలేక చనిపోయారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులను నిషేధించింది, వైద్యం ప్రతి పౌరుని హక్కు అంది. 2022 అక్టోబరు నుంచి 14416 అనే ఉచిత నంబరుకు ఏ వేళలోనైనా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు. ఈ నంబరును మన హాస్టల్ నోటీసు బోర్డు మీద, వంటగది తలుపు మీద రాసి పెట్టాం. కానీ చట్టం కాగితం మీద ఉంటుంది, నంబరు గోడ మీద ఉంటుంది. రెండో నెల మందులు తెచ్చుకున్నావా అని అడిగే మనిషి పక్కన ఉండాలి. కెన్నెడీ చట్టం ఓడిపోయింది అక్కడే. మేమూ ఓడిపోయింది అక్కడే.

డిక్స్ దగ్గర మొదట అధికారం లేదు, డాక్టరు చదువు లేదు. పాఠం చెప్పడానికి వెళ్లి, పక్క గదిలోకి తొంగి చూసింది. చలిగా ఉందా అని అడిగింది. అంతే. మన గదిలో మన పక్క మంచం మీద ఎవరైనా మాట మానేస్తే, తిండి మానేస్తే, నవ్వకుండా ఆ ఒక్క ప్రశ్న మనమూ అడగవచ్చు. వార్డెన్ సార్‌కు చెప్పవచ్చు, ఆసుపత్రికి తోడు వెళ్లవచ్చు, సెలవుల్లో ఊరికి వెళ్లి పలకరించి రావచ్చు.

ఈ వార్షికోత్సవానికి పాత విద్యార్థులకు ఆహ్వానాలు పంపేటప్పుడు ఆ అన్న పేరు కూడా జాబితాలో చేర్చాం. కార్డు పోస్టులో వేయలేదు. మాలో ఇద్దరం బస్సెక్కి వాళ్ల ఊరికి వెళ్లి చేతికే ఇచ్చి వచ్చాం. వస్తానని గానీ రానని గానీ అనలేదు. కార్డును రెండుసార్లు చదివి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ముందు వరుసలో ఆయనకు ఒక కుర్చీ ఉంచుతున్నాం.