ఒక్క మందు చాలని వ్యాధి: డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున ఒక పేద కుటుంబమున జన్మించిరి. చిన్ననాట చదువుపై మనసు నిలువక, కాశీయాత్రికులకు అరటిపండ్లమ్మి ధనము గడింపవలెనని ఇల్లు విడిచిరి. తల్లి వెంకమ్మగారు వెనుకకు రప్పించి మరల బడికి పంపిరి. మెట్రిక్యులేషన్ పరీక్ష మూడవసారి గాని గట్టెక్కలేదు.

మద్రాసు వైద్య కళాశాలలో చదువుచు, గాంధీమహాత్ముని పిలుపు విని ఖద్దరు అంగీతో శస్త్రచికిత్సాలయమున ప్రవేశించిరి. ఆచార్యుడు ఆగ్రహించెను, ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టమే దక్కినది. ఆ కాలముననే ఇద్దరు సోదరులు కొద్ది దినముల తేడాతో సంగ్రహణి వ్యాధికి బలియైరి. రోగమునకు మందు లేకపోవుట యనగా నేమో సుబ్బారావుగారికి ఇంటనే తెలిసినది.

1922లో బోస్టను చేరి, రాత్రులు ఆసుపత్రిలో కూలిపని చేయుచు హార్వర్డులో చదివిరి. రక్తమునందలి భాస్వరమును కొలుచు పద్ధతిని ఫిస్కేతో కలిసి 1925లో ప్రకటించిరి. 1940లో లెడర్లీ పరిశోధనాలయమున చేరిరి. 1945లో వారి బృందము ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసెను. సోదరులను కబళించిన సంగ్రహణికి అది మందైనది.

కణములు పెరుగుటకు ఫోలిక్ ఆమ్లము అవసరము. కావున దానిని పోలి, దాని పనిని అడ్డగించు పదార్థములను ఆ బృందమే సిద్ధపరచెను. వానిలో అమినోప్టెరిన్ ఒకటి. డాక్టర్ సిడ్నీ ఫార్బర్ దానిని రక్తక్యాన్సరు గల 16 మంది పిల్లలకిచ్చి, 10 మందికి వ్యాధి తగ్గుముఖము పట్టినదని 1948 జూన్‌లో ప్రకటించిరి. కాని ఆ ఉపశమనము కొద్ది నెలలే. వ్యాధి మరల తలయెత్తెను. ఆ ఆగస్టులోనే సుబ్బారావుగారు 53 ఏండ్ల వయస్సున న్యూయార్కులో కన్నుమూసిరి. స్వదేశమును మరల చూడలేదు.

లోపమెచ్చటనున్నదో క్షయ చికిత్స తెలిపినది. మదనపల్లె చెంత ఆరోగ్యవరమున 1915లో వెలసిన శానిటోరియము పుంగనూరు, కుప్పము సీమలవారికి సుపరిచితము. తొలినాళ్లలో అట్టి చోట్ల గాలి, వెలుతురు, విశ్రాంతి, పుష్టికరమైన ఆహారమే ముఖ్య చికిత్స. పిదప స్ట్రెప్టోమైసిన్ వచ్చినది. దాని నొక్కదానినే ఇచ్చినచో క్రిములు కొంతకాలమునకు లొంగకపోయెను. వేరొక మందు జోడింపగా లొంగెను. 1960 తరువాత అమెరికా వైద్యులు ఈ సూత్రమునే రక్తక్యాన్సరుకు వర్తింపజేసి, సుబ్బారావుగారి బృందము నుండి వచ్చిన మెథోట్రెక్సేట్‌కు మరి మూడు మందులు చేర్చిరి. పిల్లల రక్తక్యాన్సరు నయమగు మార్గము తెరచుకొన్నది.

ముదిరిన కాలేయ క్యాన్సరుకు మెథోట్రెక్సేట్ పనిచేయు మందు కాదు, సూత్రము మాత్రమదియే. 2007 నుండి సొరాఫెనిబ్ అను ఒక్క మందే ప్రధానాధారమై యుండెను. 501 మంది రోగులపై జరిగి 2020లో ప్రకటితమైన పరీక్షలో, అటెజోలిజుమాబ్, బెవసిజుమాబ్ జంటగా పొందినవారిలో నూటికి 67 మంది ఏడాదికి జీవించియుండిరి. సొరాఫెనిబ్ పొందినవారిలో 55 మంది. వారందరును కాలేయము ఇంకను బాగుగా పనిచేయుచున్నవారే. కాలేయమే పాడైనచో రెండు మందుల భారమును శరీరమోర్చుట కష్టము కావచ్చును. ఇది నివారణము కాదు, పొడిగిన ఆయువు.

సుబ్బారావుగారు చూచినదియు కొద్ది నెలల ఉపశమనమే. తరువాతివారు దానిని ఓటమిగా నెంచక మొదటి మెట్టుగా గ్రహించిరి.